యంత్రం లేని దీవి

2007 సెప్టెంబరు ఎనిమిది, శనివారం, మరియమ్మ పుట్టినరోజు పండుగ. ఆ మధ్యాహ్నం చర్చి ముందు వేసిన పొడుగాటి బల్ల దగ్గర కూర్చుని నా భార్య ఎర్మియోని మేకమాంసం, బంగాళాదుంపల కూర రెండు పళ్ళేలు తిన్నది. ఆ తర్వాత నాలుగు అంజూర పళ్ళు, ఒక గుత్తి నల్లద్రాక్ష. పక్కనే కూర్చుని ప్రతి ముద్దా చూశాను. మామూలు మనిషికి అది మామూలు పండుగ భోజనమే. వారానికి మూడుసార్లు యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకునే మనిషికి మాత్రం గుండె ఆగిపోవడానికి అందులో సగం చాలు.

అప్పటికి ఆమె మూత్రపిండాలు పనిచేయడం మానేసి నాలుగేళ్ళయింది. రేవుపట్నం పిరయస్‌లో మా ఇంట్లో వంట నేనే చేసేవాణ్ణి. బంగాళాదుంప వండాలంటే సన్నగా తరిగి రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి. పొద్దున్నే ఆ నీళ్ళు పారబోసి ఉడికించి, ఉడికించిన నీళ్ళూ పారబోయాలి. ఒంట్లో చేరకూడని పొటాషియం అలా పోతుంది. రుచి కూడా పోతుంది.

"గోడలకు కాగితాలు అంటించే జిగురు కంటే ఇది కాస్త నయం మాస్టారూ," అనేది ఎర్మియోని. అని, పళ్ళెం ఖాళీ చేసేది.

నన్ను మాస్టారూ అని పిలిచేది. ముప్పై మూడేళ్ళు బడిలో భూగోళం చెప్పాను. ఆమె రేవు వెనక వీధిలో బొత్తాలూ దారాలూ అమ్మే దుకాణంలో పనిచేసింది. పిల్లలు లేరు. పెళ్ళయిన మొదటి వేసవి నుంచీ ఇద్దరిదీ ఒకటే పిచ్చి, దీవులు. ఒక సంచీ, ఒక చిన్న కిరసనాయిలు పొయ్యి, అన్నిటికంటే చవకైన పైతట్టు టికెట్లు. ఓడ పైతట్టు మీద లైఫ్ జాకెట్ల పెట్టె పక్కన దుప్పటి పరుచుకుని, చిమ్నీ మసి మీద పడుతున్నా ఆమె కదలకుండా నిద్రపోయేది. సిసిలీ, మాల్టా, సార్డీనియా, సైప్రస్, ట్యునీషియా ఒడ్డున జెర్బా, ఇంకా మా ఏజియన్ సముద్రంలో ఎన్నో. ఊరి పేరు, ఏడాది నేను గుర్తు పెట్టుకునేవాణ్ణి. ఏ ఊళ్ళో ఏ ముసలమ్మ ఏమన్నదో ఆమెకు గుర్తుండేది. మా ఇద్దరినీ కలిపితే ఒక పూర్తి ప్రయాణం అయ్యేది.

జబ్బు వచ్చాక కూడా మానలేదు. కాకపోతే ఏ దీవిలో డయాలసిస్ యంత్రం ఉందో ముందు చూసుకుని, అక్కడ ఆమెకు ఖాళీ దొరికితేనే టికెట్టు కొనేవాణ్ణి. అలా రోడ్స్ వెళ్ళాం, క్రీట్ వెళ్ళాం. ఓడ దిగగానే టాక్సీవాడు కోటకా, సముద్రానికా అని అడిగితే, ఆసుపత్రికి అని చెప్పేవాణ్ణి.

ఆ ఏడు ఏప్రిల్‌లో ఎర్మియోని నా పాత దీవుల పటం వంటింటి బల్ల మీద పరిచింది.

"నాలుగేళ్ళలో నేను చూసింది ఏంటో చెప్పనా? ఆసుపత్రి కప్పులు. క్రీట్ కప్పు తెల్లగా ఉంది. రోడ్స్ కప్పు కూడా తెల్లగానే ఉంది. మాల్టా వెళ్ళినా తెల్లగానే ఉంటుంది. ఇదిగో, ఇక్కడికి తీసుకెళ్ళు."

ఆమె వేలు పెట్టిన చోట చిన్న చుక్క. ఆ దీవి పేరు ఇక్కడ రాయను. ఆ మనుషులు మాకు ప్రేమ తప్ప మరేం పెట్టలేదు. ఇది చదివిన ఎవరైనా అక్కడికి వెళ్ళి వాళ్ళను అడగడం నాకిష్టం లేదు.

"అక్కడ నూట ఎనభై మందే ఉంటారు. యంత్రం లేదు," అన్నాను.

"అందుకేగా."

లెక్క వేశాను. శుక్రవారం పొద్దున దగ్గరి పెద్ద దీవి సీరోస్‌లో, ఆసుపత్రిలో యంత్రం. మధ్యాహ్నం చిన్న ఓడలో ఆ దీవికి. ఆదివారం ఓడలో తిరిగి సీరోస్‌కి. సోమవారం పదింటికి మళ్ళీ యంత్రం. ఇంట్లో ఉన్నా శుక్రవారానికీ సోమవారానికీ మధ్య అంతే ఎడం. మా డాక్టరు ఒప్పుకున్నాడు. తిండి విషయంలో జాగ్రత్త అన్నాడు. పొటాషియాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోయే పొడి ఒక చిన్న డబ్బా రాసిచ్చాడు.

శుక్రవారం ఓడలో, దీవి కనబడుతుండగా, ఎర్మియోని చొక్కా చేతిని మణికట్టు దాకా దించి గుండీ పెట్టుకుంది. సూదులు గుచ్చే ఎడమచేయి అది. నరం తాడులా పొంగి ఉండేది.

"అక్కడ ఎవరికీ చెప్పకు," అంది.

"ఎందుకు చెప్తాను?"

"నువ్వు చెప్తావు. 'మా ఆవిడకు ఉప్పు వద్దండీ, పండు వద్దండీ' అని మొదలుపెడతావు. అప్పుడు అందరూ తల పక్కకు వంచి నన్ను చూస్తారు. ఈ మూడు రోజులు నన్నెవరూ అలా చూడకూడదు. మీ అమ్మ ఎముకల మీద ఒట్టు వెయ్యి."

"ఎముకలెందుకు ఎర్మియోనీ, ఊరికే మాటిస్తే చాలదా?"

"ఊరికే మాటిచ్చి వందసార్లు తప్పావు. ఎముకల మీద ఒక్కసారీ తప్పలేదు."

వేశాను. ఎండలో ఆమె ముఖం ముప్పయ్యేళ్ళ కిందటి ముఖంలా ఉంది. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఆ ఒట్టు వేయకుండా ఉండగలిగేవాణ్ణా అని అడుగుతుంటాను. ఉండలేను. తర్వాత దాన్ని తప్పగలిగేవాణ్ణి. అది వేరే సంగతి.

గది ఇచ్చిన మనిషి మరూసో పెద్దమ్మ. ఎనభైకి దగ్గర. భర్త పోయి నలభై ఏళ్ళు, అప్పటినుంచీ నల్లబట్టలే. మర్నాడు పండుగ బల్ల దగ్గర ఎర్మియోని పక్కన ఆమే కూర్చుంది. ఆ దీవిలో పండుగ భోజనం ఊరంతా కలిసి వండుతారు, వచ్చినవాళ్ళందరికీ పెడతారు. వద్దనడం మరియమ్మను వద్దనడంతో సమానం. మొదటి పళ్ళెంలో ఎర్మియోని మాంసం తిని, బంగాళాదుంపలు పక్కకు తోసింది. పెద్దమ్మ చూసింది.

"ఇదేం పిల్లమ్మా, మెడ చూడు, కొంగ మెడ! మాస్టారూ, నీ పెళ్ళానికి అన్నం పెడతావా, పుస్తకాలు చదివి వినిపిస్తావా?"

బల్లంతా నవ్వింది. అందరికంటే గట్టిగా ఎర్మియోని నవ్వింది.

"చదివి వినిపిస్తాడు పెద్దమ్మా. దానికి తోడు ఉప్పుండదు."

"ఉప్పు లేని పుస్తకాలా? తిను, తిను. మా దుంపలు నీళ్ళు లేకుండా పండుతాయి. చక్కెరలా ఉంటాయి."

తిన్నది. కళ్ళు మూసుకుని తిన్నది. నేను బల్ల కింద ఆమె మోకాలు నొక్కాను. నా చేతిని నెమ్మదిగా తీసి నా మోకాలి మీదే పెట్టింది. సాయంత్రం వయొలిన్ మొదలైనప్పుడు లేచి ఆడవాళ్ళ వరసలో కలిసింది. ఎడమవైపు ఎవరూ చేయి పట్టుకోకుండా వరస చివర నిలబడింది. ఒకటే చుట్టు తిరిగి, ఆయాసపడుతూ వచ్చి నా పక్కన కూలబడింది. ఆ రాత్రి రెండు చెంచాల పొడి నీళ్ళలో కలిపి ఇచ్చాను. ముఖం చిట్లించుకుని తాగింది. సోమవారం యంత్రం ఉందిగా, అంది. ఉంది, అన్నాను.

ఆదివారం తెల్లవారేసరికి గాలి లేచింది.

నేను రేవులో పుట్టినవాణ్ణి. మా నాన్న ఓడల్లో బొగ్గు వేసేవాడు. గాలి సంగతి నాకు తెలుసని నా గట్టి నమ్మకం. సెప్టెంబరు గాలి ఒక్కరోజు ఊది పడిపోతుందని మరూసో పెద్దమ్మకే పాఠం చెప్పాను. ఆమె మాత్రం వరండాలో ఉన్న కుర్చీలు లోపల పెట్టుకుంది. తొమ్మిదింటికి రేవు పోలీసు తన గది కిటికీకి కాగితం అంటించాడు. ఓడలు బయలుదేరడం నిషేధం. ఎప్పటిదాకా అని రాయలేదు.

రేవు నుంచి పైకి వచ్చే దారిలో నీలం తలుపుల ఇల్లు ఒకటుంది, దీవి వైద్యశాల. డాక్టరు చదువు ముగించిన పిల్లలు ఏడాదిపాటు ఇలాంటి చోట పనిచేయాలి. అలా వచ్చిన అమ్మాయి ఉందని పెద్దమ్మ చెప్పింది. ఆ తలుపు ముందు ఆగాను. ఎర్మియోని నా వెనకే వచ్చింది.

"ఒట్టు," అంది.

"గాలి ఆగకపోతే?"

"రేపు ఆగుతుంది. నువ్వే అన్నావు. అప్పుడోసారి మంచు పడి నాలుగు రోజులు యంత్రానికి వెళ్ళలేదు, చచ్చానా?"

మంచు పడిన ఆ నాలుగు రోజులూ నేను కొలిచి పెట్టిన తెల్లన్నం తప్ప ఆమె ఏమీ తినలేదు. ఆ మాట అనబోయాను. అప్పటికే ఆమె నా చేయి పట్టుకుని దారి ఎక్కిస్తోంది. మెట్ల మధ్య రెండుసార్లు ఆగి, సముద్రం చూస్తున్నట్టు నిలబడింది. నేనూ సముద్రం చూస్తున్నట్టే నిలబడ్డాను.

ఆ దీవిలో ఇంకో పద్ధతి ఉంది. గాలికి చిక్కుకుపోయిన అతిథి ఒక ఇంటి అతిథి కాదు, ఊరి అతిథి. ప్రతి ఇంటినుంచీ ఒక పళ్ళెం వస్తుంది. పన్నెండు దాటగానే రావడం మొదలైంది. టమాటా వడలు. నువ్వులద్దిన ఎండు అంజూరాలు. కాబూలీ శనగల పులుసు. ఎండబెట్టిన టమాటాలు నూనెలో వేసి తెచ్చిందొకావిడ, తోడు ద్రాక్షలు. మా డాక్టరు గోడమీద అంటించిన 'తినకూడనివి' జాబితాను ఎవరో చూసి వండినట్టుంది. తెచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి, ఇద్దరూ ఒక్క ముద్ద తినేదాకా కదలరు. ఖాళీ పళ్ళెం తీసుకెళ్ళడమే వాళ్ళకు సంతోషం.

నేను ఇద్దరి వాటా తిన్నాను. కడుపు పగిలేలా తిన్నాను. శనగల పులుసు మిగిలింది. ఎవరూ చూడకుండా పెరటిగోడ అవతల పిల్లికి పోశాను. తిరిగి చూస్తే మరూసో పెద్దమ్మ నిలబడి ఉంది.

"మా కోడలు పొద్దుటినుంచీ వండింది మాస్టారూ," అంది. కోపంగా అనలేదు. చిన్నపిల్ల అన్నట్టు అంది. "మీ పట్నంలో అయితే ఇంతకంటే మంచివి తింటారేమో. పిల్లికి పెట్టాలా?"

ఒక్క వాక్యం చాలు అప్పుడు. పెద్దమ్మా, మా ఆవిడకు కిడ్నీలు లేవు. అంతే. నోరు తెరిచాను కూడా. లోపలినుంచి ఎర్మియోని గొంతు వచ్చింది.

"ఆయనకు పడదు పెద్దమ్మా, ముసలాడు. నాకింకా ఉందా?"

పెద్దమ్మ ముఖం వెలిగింది. తనకోసం దాచుకున్న గిన్నె తెచ్చి పెట్టింది. ఎర్మియోని ఆమె ఎదురుగానే అడుగుదాకా తిని, రొట్టెముక్కతో గిన్నె తుడిచింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఒక ముసలామె మనసు నొచ్చుకోకుండా నా భార్య అలా తిన్నది. నన్ను అబద్ధం నుంచి కాపాడడానికి కూడా. ఆ రాత్రి డబ్బాలో మిగిలిన పొడి అంతా ఇచ్చేశాను.

సోమవారం గాలి ఇంకా పెరిగింది. పది గంటలకు గోడచాటున ఎండలో కూర్చున్నాం.

"ఈపాటికి నాకు సూది గుచ్చేవాళ్ళు," అంది ఎర్మియోని. "ఏమంటారో తెలుసా? 'చిన్న చీమ కుడుతుంది' అంటారు. నాలుగేళ్ళు అదే చీమ."

నవ్వాను. ఆమె పెదవులు రుద్దుకుంటోంది. తిమ్మిరిగా ఉన్నాయా అని అడిగాను. ఎండిపోయాయి అంది. సాయంత్రం కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చుంది. కాళ్ళు దూదిలా ఉన్నాయంది. ఒంట్లో పొటాషియం పెరుగుతోందనడానికి అది గుర్తని ఇద్దరికీ తెలుసు. వైద్యశాలకు వెళ్దాం అన్నాను. పొద్దున, అంది. పొద్దున నిజంగా వెళ్దాం, ఒక్క రాత్రి ఇలా ఉండనివ్వు. ఆ రాత్రి ఆమె పక్కన మేలుకుని ఉన్నాను. కిటికీ తలుపులు కొట్టుకోకుండా నా బూట్ల తాళ్ళతో కట్టాను. నేను చేసింది అదొక్కటే.

మంగళవారం తెల్లవారుజామున నీళ్ళ గ్లాసు ఎత్తలేకపోయింది. బూట్లు తాళ్ళు లేకుండానే వేసుకుని పరుగెత్తాను.

డాక్టరమ్మాయి పేరు ఆరెతీ. ఇరవై ఏడేళ్ళు ఉంటాయేమో. రాత్రి బట్టల మీద స్వెటరు వేసుకుని తలుపు తీసింది. నేను చెప్పడం మొదలుపెట్టాను, సగంలోనే సంచీ అందుకుంది. ఎర్మియోని ఛాతీకి తీగలు అంటించి, కాగితం మీద గీత చూసింది. గుండె కొట్టుకునే గీత సన్నగా, నిటారుగా ఉండాలి. ఇది వెడల్పుగా, నిద్రమత్తులో గీసినట్టు ఉంది.

"చివరి డయాలసిస్ ఎప్పుడు?"

"శుక్రవారం."

"ఇవాళ మంగళవారం." నా వైపు తిరిగింది. "ఆదివారం మీరు నా తలుపు ముందు నిలబడ్డారు. కిటికీలోంచి చూశాను. దారి అడగడానికేమో అనుకున్నాను. ఆదివారం హెలికాప్టరు దిగేది సర్. ఆ గాలికి దిగేది."

ఎర్మియోని పాదాల మీది దుప్పటి సర్దాను.

"ఏం తిన్నారు?" అని ఎర్మియోనిని అడిగింది. మరూసో పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో వేడి పాలు. ఎర్మియోని ఆమెను చూసి, గొంతు పెంచి చెప్పింది.

"అన్నీ తిన్నాను తల్లీ. దొంగతనంగా తిన్నాను. వీళ్ళెవరూ పెట్టలేదు. ఈయన కూడా చూడలేదు."

డాక్టరమ్మాయి నన్నూ, పెద్దమ్మనూ చూసింది. కాగితం మీద ఏదో రాసుకుంది. ఇంకేమీ అడగలేదు. ఆ దయ నేను మరిచిపోలేదు.

ఆమె దగ్గర గుండెను కాసేపు నిలబెట్టే ఇంజక్షన్లు మూడు ఉన్నాయి. ఒకటి ఇచ్చింది. పదకొండింటికి హెలికాప్టరు వచ్చింది. దిగే చోటు గుట్ట మీద ఉంది. గాలి దాన్ని పక్కకు నెట్టింది. రెండోసారి ప్రయత్నించింది. మూడోసారి కూడా ప్రయత్నించి వెళ్ళిపోయింది. అందులో ఉన్నవాళ్ళను నేనెప్పుడూ తప్పుపట్టలేదు. మూడోసారి అది ఎంత వాలిందో చూశాను.

డాక్టరమ్మాయి ఫోనులో సీరోస్ ఆసుపత్రితో మాట్లాడి, ఫోను నాకిచ్చింది. అవతల పెలాగీయా అనే నర్సు. యంత్రాల గది ఆమెది.

"సముద్రం మీద తెస్తారటగా? ఎన్నింటికైనా తీసుకురండి. ఒక యంత్రం కడిగి సిద్ధంగా పెడతాను. ఒంట్లో నీరు చేరనప్పుడు ఆమె బరువెంత?"

"నలభై తొమ్మిది కిలోలు."

"నలభై తొమ్మిది," అంది, రాసుకుంటూ. "నేను ఇక్కడే ఉంటాను."

తీసుకెళ్ళే మనిషి ఇసీదోరోస్, చేపల పడవ కెప్టెన్. పదమూడు మీటర్ల చెక్కపడవ, ముందు చిన్న గది. అతనికీ నిషేధం ఉంది. పట్టుబడితే పడవకు తాళం వేసేస్తారు. అతను రేవులో నన్ను కిందనుంచి పైకి చూశాడు.

"నిన్న అడిగితే నిన్ననే తీసుకెళ్ళేవాణ్ణి మాస్టారూ. నిన్న సముద్రం ఇంత చెడ్డగా లేదు. మీ బళ్ళో నోరు మూసుకోవడమే నేర్పుతారా?"

"తప్పు నాదే కెప్టెన్."

"నీదే. ఎక్కు. అలా మూటలా నిలబడకు, ఆమె తలవైపు పట్టుకో."

రేవు పోలీసు తన గది బయటికి వచ్చాడు. పడవను చూశాడు, పరుపు మీద ఎర్మియోనిని చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, తాను అంటించిన కాగితాన్ని మేం రేవు దాటేదాకా చదువుతూ నిలబడ్డాడు. మరూసో పెద్దమ్మ మోకాళ్ళదాకా నీళ్ళలోకి వచ్చి, తన నల్ల శాలువ పడవలోకి విసిరింది. తినడానికి ఏమీ ఇవ్వలేదు. అప్పటికి అర్థం చేసుకుందేమో. ఎర్మియోని చెప్పిన అబద్ధం ఆమెకు సరిపోయిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఏటా పండుగకు ఫోన్ చేస్తుంది. తిండి మాట ఎప్పుడూ ఎత్తదు.

మామూలుగా రెండున్నర గంటల దారి. ఆ రోజు ఆరు గంటలు పట్టింది. డాక్టరమ్మాయి మూడుసార్లు బకెట్లోకి వాంతి చేసుకుని, ప్రతిసారీ నోరు తుడుచుకుని మళ్ళీ ఎర్మియోని నాడి పట్టుకుంది. నేను పరుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పడవ ఊగినప్పుడల్లా ఆమె తల చెక్కకు కొట్టుకోకుండా అరచేయి అడ్డుపెట్టాను.

"మాస్టారూ," అంది ఒకసారి. "మసి ఏదీ?"

"ఏ మసి?"

"చిమ్నీ మసి. ఓడలో ఉన్నాంగా. మీద పడట్లేదు."

"ఇది చిన్న పడవ ఎర్మియోనీ."

"పైతట్టు టికెట్టేనా?"

"పైతట్టే."

"మంచిది," అంది. తల నా అరచేతిలో తిప్పి, "నువ్వు ఒట్టు తప్పావు," అంది. ఆ మాటలో కోపం లేదు. మూడు రోజులుగా మోస్తున్న మూట ఎవరో దించుకున్నట్టు ఊపిరి వదిలింది. దాన్ని నేను నెమరేసుకుంటుంటాను. ఆమె నాచేత ఒట్టు వేయించుకుంది, నేనే ముందు తప్పాలని ఎదురుచూసిందా? అలా అయితే నా ఆలస్యం ఆమె ప్రాణం తీయడమే కాదు, ఆమెను ఆ భయంతో ఒంటరిగా కూడా వదిలేసింది. లేదా అదేమీ కాకపోవచ్చు. ఊరికే అలసట కావచ్చు.

నాలుగున్నరకు రెండో ఇంజక్షన్. ఆరింటికి మూడోది. ఆరున్నరకు సీరోస్ కొండల మీద ఇళ్ళు కనబడ్డాయని ఇసీదోరోస్ పైనుంచి అరిచాడు. చెప్పాలని ఆమె మీదకు వంగాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. నా అరచేతిలో ఆమె తల బరువు మారింది. డాక్టరమ్మాయి నన్ను పక్కకు నెట్టి, ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. పడవ లేచి పడుతుంటే తానూ లేచి పడుతూ, లెక్కపెడుతూ నొక్కింది. ఎంతసేపో తెలియదు. చివరికి ఇసీదోరోస్ చుక్కాని చక్రం తన పనివాడికి ఇచ్చి కిందికి వచ్చాడు. ఆ అమ్మాయి భుజం మీద చేయి వేసి, "చాలమ్మా, చాలు," అన్నాడు. ఆమె అప్పుడు ఏడ్చింది. అతను తన టోపీ తీసి నా పక్కన నేలమీద, ఆ తడిలో కూర్చున్నాడు. రేవు వచ్చేదాకా మళ్ళీ నన్నేమీ అనలేదు.

ఆసుపత్రిలో ఆమెను కింది అంతస్తుకు తీసుకెళ్ళారు. సంతకాలు పెట్టాను. పేరు, పుట్టిన ఊరు, వయసు యాభై ఎనిమిది. డాక్టరమ్మాయి నాతో పైకి వస్తానంది. వద్దన్నాను, పొడి బట్టలు కట్టుకోమన్నాను. ఒక్కరికి మాత్రం నేనే వెళ్ళి చెప్పాలి.

యంత్రాల గది రెండో అంతస్తు చివర ఉంది. అప్పటికి తొమ్మిది దాటింది. ఆరు మంచాల్లో ఐదింటి పక్కన దీపాలు లేవు. కిటికీ దగ్గరి మంచం పక్కన యంత్రం మీద చిన్న పచ్చదీపం వెలుగుతోంది. గొట్టాల నిండా శుభ్రమైన ఉప్పునీరు ఉంది, బుడగ ఒక్కటి లేదు. దుప్పటి ఒక పక్కకు మడిచి ఉంది. యంత్రానికి అంటించిన కాగితం మీద '49' అని రాసి ఉంది.

పెలాగీయా యాభై దాటిన పొట్టి మనిషి. ఆమె పని వేళ నాలుగింటికే అయిపోయిందని తర్వాత తెలిసింది. కుర్చీలోంచి లేచింది. నా వెనక బండి చక్రాల చప్పుడు కోసం చూసింది. ఏదీ రాలేదు.

"నేను ఫోనులో మాట్లాడినవాణ్ణి," అన్నాను.

"తెలుసు." నా బట్టలు చూసింది. "ఎక్కడ?"

"రేవుకు కాస్త ముందు."

తల ఊపింది. కుర్చీ నా వైపు లాగింది. కూర్చున్నాను. ఆమె యంత్రం దగ్గరికి వెళ్ళి దీపం ఆర్పి, గొట్టాలు ఒక్కొక్కటీ విప్పి, నీటిని తొట్టిలోకి వదిలింది. హడావిడి పడలేదు. ఆ నీరు పోయే చప్పుడు ఆగింది.

"నేను ఆదివారమే చెప్పి ఉంటే," అన్నాను.

"అవును," అంది. అబద్ధం చెప్పలేదు. చేతులు తుడుచుకుని వచ్చి, నా భుజం మీద ఉన్న నల్ల శాలువ జారిపోతుంటే సర్దింది. "ఇక్కడికి వచ్చేవాళ్ళలో సగం మంది ఒక్కసారైనా మాయమవుతారండీ. ఒక్క రోజు, రెండు రోజులు. ఎక్కడికో వెళ్ళి పుచ్చకాయ తింటారు. కొందరు తిరిగి వచ్చి నాకు చెప్తారు. ఎంత తియ్యగా ఉందో చెప్తారు." శాలువ అంచు వదిలింది. "ఎవరికైనా ఫోన్ చెయ్యాలా?"

"ఆవిడకొక చెల్లెలుంది. థెస్సలొనీకిలో." గడియారం చూశాను. "పొద్దున చేస్తాను. ఈ ఒక్క రాత్రి నిద్రపోనిద్దాం."

"సరే. మిమ్మల్ని కిందికి, ఆవిడ దగ్గరికి తీసుకెళ్తాను."

మడిచిన దుప్పటి తిరిగి సరిచేసి, '49' కాగితం తీసి జేబులో పెట్టుకుంది. పారేయడం నేను చూడకూడదనేమో. నడవాలోకి వచ్చాం. పక్క గదుల్లో రోగులు నిద్రపోతున్నారు. పెలాగీయా గడియ చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని, తలుపు మెల్లగా మూసింది.